మంచు ఖండపు ఒడంబడిక, బేతంచెర్ల బండ

యాత్ర అంటే కాశీకో రామేశ్వరానికో పోయి, గంగ చెంబుకు సీలు వేయించుకుని వచ్చి రాసేదని మనవాళ్ళ నమ్మకం. నేను పోయింది బేతంచెర్లకు. ఆళ్ళగడ్డలో బస్సెక్కి నంద్యాలలో దిగి, అక్కణ్ణించి రైల్లో బేతంచెర్ల చేరి, అవుకు, కోయిలకుంట్ల మీదుగా లారీలో తిరిగి వచ్చాను. ఇదొక యాత్రా అని నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ దారిలో రోజూ వందలమంది తిరుగుతారు. కాని భూగోళం అట్టడుగున ఉన్న మంచు ఖండం గురించి దేశాలు రాసుకున్న ఒడంబడికను మా తాలూకాలో ఒక మిట్ట కోసం రాతి మీద చెక్కించుకుని రావడానికి ఆ దారిన పోయింది నేనొక్కణ్ణే. అందుకే రాస్తున్నాను. రాయకుండా ఉంటే బాగుండుననిపించే యాత్ర ఇది.

ఆళ్ళగడ్డ

మా చెల్లెలు ఓబులమ్మను ఇచ్చిన ఊరు ఆళ్ళగడ్డకు దగ్గరే. దాన్ని పై ఊరు అంటాను. అసలు పేరు రాస్తే మళ్ళీ ఎవరికో కోపం వస్తుంది. ఎదురుగా కింది ఊరు. రెండింటి నడుమ ఒక మిట్ట. దాని మీద పంట పండదు, గడ్డి కూడా వానలప్పుడు తప్ప మొలవదు. కాని మిట్ట నెత్తిన ఒక ఊట బావి ఉంది. ఎండాకాలం ఊళ్ళలో బావులు అడుగంటితే మనుషులకూ గొడ్లకూ అదే దిక్కు. మిట్ట మాదంటే మాదని నాకు ఊహ తెలిసినప్పటి నుంచి రెండు ఊళ్ళూ కొట్టుకుంటున్నాయి. ఓబులమ్మ పెనిమిటి పోయింది ఆ కొట్లాటలోనే. ఇప్పుడు ఆమె కొడుకు వెంకటేసు గొడ్లను నీళ్ళకు తోలుకుపోతూ ములుగర్ర బదులు గొడ్డలి పట్టుకుపోతున్నాడు.

ఒకరోజు ఆమె నా సైకిలు షాపుకు వచ్చి, పంచరు వేసే నీళ్ళ తొట్టి పక్కన కూర్చుంది.

“అన్నా, వాళ్ళ నాయన పోయిన దారినే వీడూ పోతాండాడు. నువ్వు పొద్దస్తమానం పేపర్లు చదువుతాండావ్ కదా. ఇట్లాంటి తగువు యాడన్నా తెగినట్టు రాసినారా? ఉంటే చెప్పు.”

నా చదువు ఐదో తరగతి. తక్కినదంతా గ్రంథాలయం బల్ల మీద, పొట్లాలు కట్టిన కాగితాల మీద చదువుకున్నదే. డిగ్రీలు ఉన్నవాళ్ళు పేపరు తెరిస్తే సినిమా పేజీ, క్రికెట్టు పేజీ. ప్రపంచంలో ఏం జరుగుతున్నదో వాళ్ళకు అక్కరలేదు. అంతకు ముందు ఏడాదే మన దేశం ఢిల్లీ నుంచి పోయి ఆ మంచు ఖండపు ఒడంబడికలో చేరింది. మా ఊళ్ళో ఎంతమంది ఆ వార్త చదివారు? నేను చదివాను. చదివింది కత్తిరించి షాపు గోడకు అంటించాను.

దాని సంగతి చెప్తాను. అమెరికా, రష్యా తొలినాళ్ళలో చేరిన పన్నెండు దేశాల్లోనివే. పైకి ఒకరి మీద ఒకరు అణుబాంబులు గురిపెట్టుకుని కూర్చున్నవాళ్ళు, అక్కడ మాత్రం ఆయుధం ముట్టమని రాసుకున్నారు. శాస్త్రం కోసమే పోవాలి, తెలుసుకున్నది అందరికీ చెప్పాలి. మొన్న మొన్న ఇంగ్లండూ అర్జెంటీనా గొర్రెలు మేసే నాలుగు దీవుల కోసం ఓడలు ముంచుకున్నాయి. ఆ రెండూ ఈ ఒడంబడికలో ఉన్నాయి, దాన్ని మాత్రం తప్పలేదు. అంతటి పగవాళ్ళు పాటించేది ఆళ్ళగడ్డ పక్కన రెండు పల్లెలు పాటించలేవా అని నాకు రోషం వచ్చింది.

పై ఊరి పెద్ద సుంకన్న, కింది ఊరి పెద్ద మద్దిలేటి. ఇద్దరూ ఒక అరుగు మీద కూర్చోరు. ఈయన మాట ఆయనకూ, ఆయన మాట ఈయనకూ నేనే సైకిలు మీద మోశాను.

సుంకన్న మొదట అడిగింది ఇదీ: “ఆ మంచులో గొర్రెలు మేస్తాయా?”

“మేయవు.”

“జొన్న పండుతాదా?”

“ఏమీ పండదు.”

“మరి దేనికప్పా అంతమంది దొరలు కూసోని మాట్లాడుకునేది? పనిలేకనా?”

అయినా విన్నాడు. ఆయన కొడుకు తల మీద కూడా కుట్లు ఉన్నాయి మరి. చివరికి రెండు షరతులు పెట్టాడు. ఒకటి, పేపరు మాట చాలదు, అక్కడికి పోయి చూసినవాడి నోటితో నేను స్వయంగా విని రావాలి. రెండోది, “కాయితం మీద ఒప్పుకోం. కాయితాన్ని ఎవుడన్నా చించేస్తాడు. రాతి మీద కొట్టించుకోని రా, మిట్ట మీద పాతుదాం.”

మద్దిలేటి దగ్గరకు పోతే, నేను నోరు తెరవకముందే ఆయనా అదే అన్నాడు. “రాయి అయితేనే నిలబడతాదన్నా.” నా జ్ఞాపకంలో ఆ రెండు ఊళ్ళు ఒకే మాట మీద నిలబడడం అదే మొదలు. ఆ సంతోషంలో ఎవరికీ, నాకు కూడా, ఏ అనుమానమూ తట్టలేదు.

మర్నాడే బస్టాండుకు పోయాను. అక్కడ పై ఊరివాళ్ళు టీ అంగడి పందిరి కింద, కింది ఊరివాళ్ళు అరటిపండ్ల బండి పక్కన ఎండలో నిలబడతారు. పందిరి ఖాళీగా ఉన్నా వీళ్ళు పోరు. ఒక ఊరివాళ్ళు ఎక్కిన బస్సు రెండో ఊరివాళ్ళు వదిలేస్తారు. కండక్టరు కూడా అలవాటుపడి “ఈ ట్రిప్పు ఏ ఊరోళ్ళది?” అని అడుగుతాడు. నంద్యాలకు నాలుగు రూపాయల చిల్లర టిక్కెట్టు.

నంద్యాల, సోడా అంగడి

నంద్యాలలో దిగేసరికి తారు రోడ్డు చెప్పుకు అంటుకుంటున్నది. అటువంటి ఎండలో మంచు గురించి వినడానికి వచ్చినవాణ్ణి నేనే. స్టేషను దారిలో హుసేన్ సాయిబు సోడా అంగడి ఉంది. అంగడి ముందు గోనెసంచి కింద, రంపపు పొట్టులో ఐసు గడ్డ. ఆయన కొడుకు ఖాజా పట్టాళంలో ఇంజను మెకానిక్కు. మంచు ఖండంలో మనవాళ్ళు ఇల్లు కట్టడానికి పోయిన ఓడలో పోయి, వేసవికి సెలవు మీద వచ్చాడని బస్సు డ్రైవర్లు చెప్పుకోగా విన్నాను.

గోలీ సోడా అర్ధ రూపాయి. తాగి, వచ్చిన పని చెప్పాను.

సాయిబు నుదురు కొట్టుకున్నాడు. “నా అంగట్లో ఇంత ఐసు పెట్టుకోని ఉండానన్నా, నీ కొడుకు ఐసు చూసేకి ఓడెక్కి నెల రోజులు పోయినాడంట అని ఊరంతా నవ్వుతాండారు. సంబళం కూడా ఈడిచ్చేదే అంట!”

ఖాజా లోపలి నుంచి వచ్చాడు. ముఖం చర్మం ఇంకా పొరలు లేచి ఉంది. “మంచుకు కాలిందా?” అని అడిగితే, “ఎండకే పెద్దాయనా. ఆడ ఎండ మంచు మీద పడి కింద నుంచి కూడా కొడతాది” అన్నాడు.

“నమాజు సంగతి అడుగన్నా” అన్నాడు తండ్రి. “పొద్దు కుంకని కాడ వీడు సందెపూట మగ్రిబు ఎట్ల చేసినాడో అడుగు.”

“గడియారం నంద్యాల టైముకే పెట్టుకున్నా అబ్బా. నువ్వు ఈడ అంగడి కట్టేసేటప్పుడు నేనాడ చాప పరిచినా.”

సాయిబు పొట్టు తోసి ఐసు గడ్డను తుడిచాడు. ఈ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది.

ఖాజా నన్ను నీడలో కూర్చోబెట్టి అడిగినదానికల్లా చెప్పాడు. “పట్టాళమోళ్ళం గాని, ఆడికి తుపాకులు కాదు, స్పానర్లు తీసకపోయినాం. పని చేసేకి పోవచ్చు, యుద్ధం చేసేకి కాదు. ఎవరి క్యాంపు ఎవరైనా పోయి చూడొచ్చు, దాచేది లేదు, తలుపులకు తాళాలు కూడా ఉండవు. రష్యావోళ్ళు మా కాడికొచ్చినారు, మేం వాళ్ళ కాడికి పోయినాం. నల్ల రొట్టె పెట్టినారు. మన జొన్న రొట్టె రెండు రోజులు ఎండబెట్టినట్టుండాది. తిన్నాం. మంచు ఎంత లోతు, గాలి ఎంత వేగం, దినామూ కొలుస్తారు. కొలిచింది అందరికీ చెప్తారు.”

“మరి ఆ నేల మాది అనేవాళ్ళు లేరా?”

“ఉండారు. ఏడు దేశాలు గీతలు గీసుకోనుండాయి. ఆ గీతలు చెరపమని ఎవరూ అనరు, ఒప్పుకుంటామనీ అనరు. ఒడంబడిక ఉన్నన్నాళ్ళు ఆ మాట ఎత్తగూడదు, అంతే.”

“మనవాళ్ళు జెండా పాతారని పేపర్లో చదివానే.”

“పాతినాం. పాతినందుకు మనకేమొస్తాది? ఇల్లు కట్టినా, జెండా పాతినా, అది ఎవరి హక్కుకూ సాక్ష్యం కాదని ముందే రాసుకోనుండారు పెద్దాయనా. అది లేకుంటే తక్కినదంతా నిలబడదని మా ఆఫీసరు సాబు చెప్పినాడు.”

ఆ మాట నాకు చాలా నచ్చింది. తలపాగాలో ముడివేసుకున్నట్టు దాచుకున్నాను. రాత్రికి వాళ్ళింట్లోనే ఉంచుకున్నారు. పులగం, వేరుశనగ ఊరిబిండి పచ్చడి, పెరుగు. పొద్దున పోతుంటే సాయిబు సోడా డబ్బులు తీసుకోలేదు. “ఆ రెండు ఊళ్ళూ నా కాడ ఐసు కొంటాయిలే అన్నా, రాజీ అయితే” అన్నాడు.

పాసింజరు

నంద్యాల నుంచి బేతంచెర్లకు గుంతకల్లు పోయే చిన్న పట్టాల బండి. నేను ఎక్కేసరికి పెట్టె సగం ఖాళీ, కాని సీట్లన్నీ నిండిపోయాయి. ఎట్లాగంటే, ప్లాట్‌ఫారం మీది నుంచి కిటికీలోకి తుండుగుడ్డ విసిరితే ఆ సీటు వాడిది. మన దేశమంతా ఇదే చట్టం. దీన్ని ఎవరు రాశారో, ఏ అసెంబ్లీలో పాసయిందో ఎవరికీ తెలియదు. నేను ఒక తుండుగుడ్డ పక్కకు జరిపి కూర్చున్నాను. బండి కదలబోతుండగా ఆ గుడ్డ తాలూకు మనిషి టీ తాగి వచ్చాడు.

“లెయ్ పెద్దాయనా, అది నాది.”

“ఎట్లా నీదయింది?”

“గుడ్డ వేసినా కదా! కండ్లు కనపడవా?”

నేను లేవలేదు. గుడ్డ వేస్తే హక్కు రాదని, జెండా పాతితేనే రాదని ప్రపంచం ఒప్పుకున్నదని చెప్పాను. పెట్టె మొత్తం నవ్వింది. ఎదురుగా బనగానపల్లె మామిడి పండ్ల బుట్ట పెట్టుకున్న ఒకామె మాత్రం నవ్వలేదు. “ముసలాయన, కూసోనీలేప్పా. గుడ్డకు కాళ్ళు నొప్పి పుడతాయా?” అన్నది. అతను గొణుక్కుంటూ నిలబడ్డాడు. ఆమె నాకొక పండు ఇచ్చి రూపాయి తీసుకుంది. ఆ పండు తింటూ, నేనేదో గెలిచాననుకున్నాను. తుండుగుడ్డ దగ్గరే బుద్ధి తెచ్చుకోవలసింది.

బేతంచెర్ల

ఊరంతా తెల్లటి దుమ్ము. చెట్ల ఆకుల మీద, హోటలు బల్లల మీద, మనుషుల కనురెప్పల మీద కూడా. నేలలోంచి నాపరాయిని పలకలు పలకలుగా లేపి, కోసి, నునుపు పట్టి లారీలకెత్తుతారు. కోసే రంపం మీద నీళ్ళు ధారగా పడుతూనే ఉంటాయి. మా చెల్లెలు బిందెడు నీళ్ళకు ప్రాణం అరచేత పెట్టుకుని పోతుంటే, ఇక్కడ రాతికి స్నానం. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆ నీళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాను.

అక్షరాలు చెక్కే వీరాచారి షెడ్డు స్టేషనుకు దగ్గరే. మనిషి మాటకారి. నేను రాసుకుపోయిన మాటలు చదివించుకున్నాడు: ఈ మిట్ట మాదని ఏ ఊరూ అనరాదు. కాదని ఒప్పుకోనూ అక్కరలేదు. ఊట నీళ్ళు రెండు ఊళ్ళకు. ఇక్కడికి ఆయుధంతో రారాదు. ఎవరు వచ్చి చూసినా అడ్డగించరాదు. నీటి లోతు ఇద్దరూ కొలిచి ఇద్దరికీ చెప్పాలి.

చివరి మాట ఇది: ఈ రాయి పాతినందువల్ల ఎవరికీ హక్కు రాదు.

వీరాచారి సుత్తి కింద పెట్టి నవ్వాడు. “ఏందీ, రాయి పాతి, పాతినందుకు ఏమీ లేదని దాని మీదే రాయిస్తావా? పెండ్లి పత్రికలో ఇది పెండ్లి గాదు అని అచ్చేసినట్టుండాది.”

“అది ముఖ్యమయ్యా.”

“ముఖ్యమే గాని తావు యాడుండాది? కింద జానెడు మట్టిలోకి పోవాల గదా. ఇంకో వరస పట్టాలంటే పెద్ద బండ కావాల. దాన్ని ఎద్దుల బండి ఎక్కించేకే అయ్యేది కాదు. ఈ మాట తీసేయ్. అందరికీ తెలిసిందే కదా.”

అందరికీ తెలిసిందే కదా. నాకూ అట్లాగే అనిపించింది. రెండు ఊళ్ళ పెద్దలూ ఒప్పుకుని పాతించే రాయి, అది ఎవరిదీ కాదని ఎవరికి తెలియదు? సరేనన్నాను. అతను చెక్కుతుంటే ఆ రోజంతా పక్కన కూర్చుని, వత్తులు దీర్ఘాలు సరిచూశాను. ఒక్క తప్పు లేదు. అంత మంచి అక్షరాలు మా ఆళ్ళగడ్డ తాలూకాఫీసు బోర్డు మీద కూడా లేవు.

అవుకు

మర్నాడు అవుకుకు బండలు తీసుకుపోయే లారీలో నా రాయికీ నాకూ చోటు దొరికింది. డ్రైవరు దారిలో గొంతు తగ్గించి అడిగాడు. “ఎవరు పోయినారు పెద్దాయనా?”

“ఎవరూ పోలేదే!”

“మరి రాయి మీద పేరు కొట్టించినావే, సమాధికి గాదా?”

నాకు ఒళ్ళు మండింది. రాయి మీద అక్షరాలుంటే చావేనా? మనుషులు బతకడానికి కూడా రాసుకుంటారని చెప్పి, ఒడంబడిక మొత్తం వివరించాను. అతను శ్రద్ధగానే విన్నాడు. “మంచిదే సామీ” అని, “ఎందుకైనా మంచిది, అక్షరాల మొకం కిందికి పెట్టిపిస్తా. చూసేకి బాలేదు” అన్నాడు.

అవుకు చెరువులో అంత నీరు ఒక్కచోట చూసి నా కళ్ళు చల్లబడ్డాయి. హోటల్లో చేపల పులుసుతో సంగటి తిన్నాను, మూడు రూపాయలు. మా వైపు ఎండుచేప తప్ప ఎరగం. ఒడ్డున రెండు మూడు ఊళ్ళ గొడ్లు కలిసి తాగుతున్నాయి. ఎవరి గొడ్లు ఎవరివని ఎవరూ అడగడంలేదు. నీళ్ళు ఎక్కువుంటే మంచితనం దానంతటదే వస్తుందేమో అనుకున్నాను. లేనిచోట దాన్ని రాతి మీద చెక్కించాలి.

కోయిలకుంట్ల

ఇంకొక లారీ మారి కోయిలకుంట్ల చేరాను. రాత్రి అక్కడే పడుకుని, పొద్దున బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఇక్కడి ఉగ్గానిలో పుట్నాల పొడి ధారాళంగా వేస్తారు. శనగ పండే ఊరు, వాళ్ళకేం తక్కువ? రాయిని హోటలు ముందు దించి ఆళ్ళగడ్డ బండి కోసం చూస్తుంటే జనం మూగారు. చదువు వచ్చినవాడు రానివాళ్ళకు చదివి వినిపించాడు. “బాగా రాయించినావ్ తాతా” అని ఒకాయన టీ ఇప్పించాడు. నా జన్మలో రచయితగా నాకు దక్కిన సన్మానం అదొక్కటే.

ఒక గొర్రెల కాపరి మాత్రం రాయి చుట్టూ తిరిగి, ఇటు చేయి పెట్టి, అటు చేయి పెట్టి చూశాడు.

“ఇటు పక్క ఎవరిది సామీ? అటు పక్క ఎవరిది?”

“ఎవరిదీ కాదు. చదివింది విన్లేదా?”

“విన్నా. నాకు చదువు రాదు. రాయి పాతినారంటే ఇటొకరిది, అటొకరిది. మాకట్లనే తెలుసు.”

“తెలిసింది మర్చిపో” అని కసిరాను. అతను నొచ్చుకోలేదు. గొర్రెలను అదిలించుకుని పోయాడు.

మిట్ట

రాయి పాతిన రోజు పండగ లాగే జరిగింది. సుంకన్న, మద్దిలేటి ఎదురెదురుగా నిలబడి ఒకే చెంబులో ఊట నీళ్ళు తాగారు. ముందు ఎవరు తాగాలన్న పేచీ రాకుండా, ముందు నేను తాగి ఇద్దరికీ అందించాను. రాయిని మిట్ట మీద, ఊట బావికి కొద్ది దూరంలో, గట్టి నేల చూసి పాతారు. బావికి ఆనించి పాతితే గట్టు కూలుతుందన్నారు.

తరువాత కొన్నాళ్ళు నా జీవితంలోకెల్లా మంచి రోజులు. నేను వెదురు కర్రకు మేకులు కొట్టి కొలకర్ర చేసి ఇచ్చాను. పై ఊరి తరఫున మా వెంకటేసు, కింది ఊరి తరఫున లింగన్న అనే పడుచువాడు రోజూ పొద్దున బావిలో కర్ర దించి లోతు చూసేవారు. మొదట ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. ఒకడు కొలిస్తే రెండోవాడు మళ్ళీ కొలిచేవాడు. పోను పోను ఒక్కడే కొలిచి, రెండోవాడికి చెప్పేవాడు. ఒకరోజు లింగన్న, “మీ మామ మంచు పిచ్చోడంటనే” అన్నాడట. “మా మామను అంటే ఊరుకోను. పిచ్చి గాదు, కోపం” అన్నాడట మావాడు. ఇద్దరూ నవ్వుకున్నారట. ఇంట్లో గొడ్డలి దూలానికి ఎక్కింది. ఓబులమ్మ నా షాపుకు తీపి ఓళిగలు పంపింది.

తరువాత ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. పాతినవాళ్ళమే ఊహించలేకపోయాం.

బావి రాయికి కింది ఊరి వైపు పడింది. తరతరాలుగా ఆ మిట్ట మీద హద్దు లేదు, అందుకే మొత్తం ఇద్దరిదీ. ఇప్పుడు రాయి వచ్చింది. కింది ఊరి ఆడవాళ్ళు మాటవరసకు “మన రాయి దాటి వస్తాండారు” అన్నారు. పై ఊరి పిల్లలు గొర్రెలను రాయి దగ్గరే ఆపడం మొదలుపెట్టారు, ఎవరూ ఆపమనకుండానే. మా వైపు రాయిని చూస్తే కాలు ఆగుతుంది. పొలాల్లో పుట్టి పెరిగిన కాలు అది. సుంకన్నకు ఒకరోజు తెల్లారినట్టయింది. “మన చేత్తో మనమే బావిని వాళ్ళకు పాతిచ్చినాం!” అన్నాడు.

నేను పరుగెత్తుకుపోయాను. రాయి ముందు నిలబడి మొత్తం చదివి వినిపించాను. “రాసింది చూడండి! హద్దు అని ఎక్కడుంది?”

“హద్దు కాదని యాడుండాది?” అన్నాడు సుంకన్న.

ఆ వరస వీరాచారి షెడ్డులో ఉండిపోయింది. నేను నోటితో చెప్పాను. నోటిమాట కాబట్టి వినలేదు. రాతి మీద ఉన్నదే మాట అని ఒప్పుకున్నది వాళ్ళే కదా.

ఒక తెల్లవారుజామున పై ఊరి పడుచువాళ్ళు పోయి, రాయిని పెకలించి బావికి అవతల పాతాలని తవ్వడం మొదలుపెట్టారు. వాళ్ళలో వెంకటేసు ఉన్నాడు. బావి దగ్గరికి లోతు కొలవడానికి వచ్చిన లింగన్న చూసి కేకవేశాడు. ఎవరూ చావలేదు, అంతవరకు దేవుడి దయ. కాని లింగన్న కుడిచేయి మళ్ళీ లేవదు. కొట్టింది మావాడేనని కొందరు, కాదని కొందరు. వెంకటేసును, ఇంకా చాలామందిని పట్టుకుపోయారు. దొరికిన ఆయుధాలని పోలీసులు రాసుకున్న వాటిలో నేను మేకులు కొట్టిచ్చిన కొలకర్ర కూడా ఉంది. అది ఆయుధం కాదని స్టేషనుకు పోయి వాదించాను. “మేకులున్నాయి కదా” అన్నాడు రైటరు.

ఈ ఏడు ఎండాకాలం

మిట్ట మీద ఇప్పుడు పోలీసు పికెట్టు. కేసు తేలేదాకా ఏ ఊరివాళ్ళూ అక్కడికి పోకూడదు. రాయి సాక్ష్యం కనుక ఎవరూ ముట్టకూడదు. ఊట నీళ్ళు పికెట్టు వాళ్ళు తాగుతారు. మిగతాది గట్టు పొంగి మట్టిలో ఇంకిపోతుంది.

ఓబులమ్మ నంద్యాల జైలుకు పోయి కొడుకును చూసి వస్తుంటుంది. తక్కిన రోజుల్లో వంకలో చెలమ తవ్వి నీళ్ళు తెచ్చుకుంటుంది. మొన్న నేనూ ఒక బిందె తీసుకుని ఆమె వెంట పోయాను. చెలమ ఊరేదాకా ఇద్దరం ఇసకలో కూర్చున్నాం. నన్ను ఒక్కమాట అనలేదు ఇన్నాళ్ళూ. అంటే బాగుండేది.

“అన్నా,” అన్నది చిప్పతో నీళ్ళు తోడుతూ, “ఆ మంచు దేశంలో ఆడోళ్ళు నీళ్ళకు యాడికి పోతారు?”

“అక్కడ ఆడవాళ్ళు కాపురం ఉండరమ్మా. ఎవరూ ఉండరు. కొన్నాళ్ళు ఉండి వచ్చేస్తారు.”

“ఊళ్ళు లేవా?”

“లేవు.”

“గొడ్లు? పిల్లోళ్ళు?”

“లేవు.”

చిప్ప ఆపి నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో.

“ఆ మాట నాకు ముందే చెప్పింటే, నిన్ను అంత దూరం పంపకపోదును గదన్నా.”

నేను బిందెను ఆమె చిప్ప దగ్గరకు జరిపాను. లోకంలో ప్రతిదానికీ జవాబు చెప్పి, చెప్పినందుకు తిట్లు తిన్నవాణ్ణి. దేశాలకు బుద్ధి ఉంది, మనకు లేదు అని ఇన్నాళ్ళూ కోప్పడ్డాను. ఖాజా తిన్న నల్ల రొట్టె అబద్ధం కాదు, తాళం లేని ఆ తలుపులూ అబద్ధం కాదు. కాని వాళ్ళెవరూ దాహానికి అక్కడికి పోలేదు.

బిందెలు ఎత్తుకుని మిట్ట పక్కదారిన వచ్చాం. పైన రాయి కనిపించింది. సగం పెకలించి వదిలేయడంతో కింది ఊరి వైపు కొద్దిగా ఒరిగి ఉంది. ఒక కానిస్టేబులు దానికి వీపు ఆనించి, అక్షరాల మీద టోపీ తగిలించి నిద్రపోతున్నాడు. ఓబులమ్మ ఆగలేదు. నా కాలు మాత్రం, రాయి కనబడగానే, ఒక్క క్షణం ఆగింది.